మొదటి గొయ్యి

గోతులు తవ్వడం పెద్దమనుషులు చేయవలసిన పని కాదు. ఒకరికి తవ్విన గోతిలో తానే పడతాడని మన పెద్దలు ఏనాడో చెప్పిపెట్టారు. అయినా నలభై ఆరేళ్ళు వచ్చి, తెలుగు ఎం. ఏ. పట్టా గోడకు వేలాడుతూండగా, కాలేజీలో నాలుగు పద్యాలు చెప్పుకుంటూ గౌరవంగా బతుకుతున్న నేను నిరుడు వేసవి సెలవులన్నీ గోతులు తవ్వడంలోనే గడిపాను. భూమ్మీద కాదులెండి, గ్రాఫ్ కాగితం మీద.

జరిగిందేమిటంటే, తొమ్మిదో తరగతి పరీక్షలు రాసి వచ్చిన మా అమ్మాయి తానొక వీడియో ఆట తయారు చేస్తానని కంప్యూటరు ముందు కూర్చుంది.

“ఆడవద్దని మొత్తుకుంటుంటే తయారు చేయడం కూడానా?” అన్నది మా ఆవిడ.

“గొడో అని ఒక సాఫ్ట్‌వేర్ ఉందమ్మా. 2014 లోనే దాని మూలమంతా అందరికీ తెరిచి పెట్టేశారు. పైసా ఖర్చు లేదు” అన్నది అమ్మాయి.

పైసా ఖర్చు లేదనగానే నాకు ఆ విద్య మీద గౌరవం పుట్టింది. “ఎలాంటి ఆటమ్మా?” అన్నాను.

“ప్లాట్‌ఫారం ఆట నాన్నా.”

నా కళ్ళ ముందు రైలు స్టేషను, కూలీలు, టీ అమ్మేవాడు కనిపించారు. తీరా కనుక్కుంటే, ఇందులో రైలూ లేదు, టీ లేదు. ఒక బొమ్మ తెర మీద ఎడమ నుంచి కుడికి పరుగెత్తుతుంది. దారిలో గోడలు, దిమ్మెలు, గోతులు ఉంటాయి. ఒక దిమ్మె మీంచి మరొక దిమ్మె మీదికి గెంతాలి. ఆ దిమ్మెలే ప్లాట్‌ఫారాలు. అడ్డం వచ్చే జంతువులను తప్పించుకోవాలి. దారి చివరికి చేరితే ఒక లెవెల్ అయినట్టు. లెవెల్ అనే మాటకు “ఆశ్వాసం” అంటే బాగుంటుందని నేను సూచించాను. అమ్మాయి వినిపించుకోలేదు.

పని పంచుకున్నాం. ప్రోగ్రాం రాయడం, బొమ్మలు వేయడం తన వంతు. లెవెళ్ళూ, శత్రువులూ నా వంతు.

“శత్రువులను పుట్టించే పని నాకెందుకమ్మా? నేను ఎవరి జోలికీ పోనివాణ్ణి” అన్నాను.

“ఏటేటా పరీక్ష పేపర్లు తయారు చేస్తావుగా నాన్నా” అన్నదది.

ఆ మాటకు మా ఆవిడ వంటింట్లోంచి నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఎంత ఖరీదైనదో అప్పటికి తెలియదు.

మా కథానాయకుడు ఒక ఉడుత. రంగస్థలం మా పెరడు. బావి గట్టు దగ్గర బయలుదేరి, గోడ మీదుగా, జామచెట్టు మీదుగా, మామిడిచెట్టు తొర్రలో ఉన్న పిల్లల దగ్గరికి చేరాలి. దారిలో కోడిపుంజు, తొండ, కాకి, చివర పక్కింటివారి పిల్లి. గ్రాఫ్ కాగితం మీద ఒక్కొక్క గడిని ఒక ఇటుక అనుకొని గీసుకోవాలి. జపాన్‌లో నింటెండో వారు కూడా 1985 లో ‘సూపర్ మారియో బ్రదర్స్’ ఆటకు దారులన్నీ ఇలాగే గ్రాఫ్ కాగితం మీదనే గీసుకున్నారని తరవాత తెలిసి, కించిత్తు గర్వపడ్డాను.

నా మొదటి లెవెల్ మూడు రోజుల్లో పూర్తయింది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ మూడు రోజులూ నేను అనుభవించిన ఆనందం కావ్యం రాసిన కవికి కూడా ఉండదేమో! బయలుదేరిన నాలుగో అడుగులోనే ఒక గొయ్యి పెట్టాను. బలంకొద్దీ గెంతితే గాని దాటలేరు. దాటినవాడు సంతోషించేలోగా, సరిగ్గా దిగేచోట క్రోటన్ మొక్క వెనక నాగజెముడు ముళ్ళు దాచాను. అదీ తప్పించుకున్నవాడికి తెర పైనుంచి, ఏ సూచనా లేకుండా, కాకి. అందరూ పై దారిన పోతారు గనక పై దారిలో విరిగే కొమ్మ. “ఇది ఊహించలేరు” అని ప్రతి గోతికీ చేతులు రుద్దుకున్నాను.

పరీక్షించడానికి మా మేనల్లుడు దొరికాడు. రెండో తరగతి పూర్తయింది. మామిడిపళ్ళ కోసం వారం రోజులుందామని మా చెల్లెలితో కలిసి వచ్చాడు. వాణ్ణి కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, వెనకాల కుర్చీ వేసుకొని కూర్చున్నాను.

గోతిలో పడ్డాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ పడ్డాడు. నాలుగోసారి దాటి “హే!” అని అరిచాడు. ముళ్ళలో పడ్డాడు. నేను నవ్వాను. ముళ్ళు దాటాడు. కాకి తన్నింది. నేను ఇంకా గట్టిగా నవ్వాను. పదిహేడుసార్లు చచ్చిపోయింది పాపం, మా ఉడుత. పదిహేడోసారి వాడు చేతులు తీసి ఒళ్ళో పెట్టుకొని, వెనక్కి తిరిగి నా మొహంలోకి చూసి అడిగాడు:

“మామయ్యా, ఇందులో నేను చేసిన తప్పేమిటి?”

సమాధానం కోసం చూడకుండా లేచి, మామిడిపండు ముక్కల పళ్ళెం దగ్గరికి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ రోజు కంప్యూటరు వంక చూడలేదు.

“ఓడిపోయినందుకు కాదు నాన్నా వాడికి కోపం. ఎందుకు ఓడిపోయాడో తెలియనందుకు” అన్నది మా అమ్మాయి.

నేను జవాబు చెప్పలేదు. ఆ మాట అంతకుముందు ఎక్కడో విన్నాను. ఎక్కడ విన్నానో గుర్తుకు రావడానికి ఆట్టే సేపు పట్టలేదు.

అప్పటికి రెండేళ్ళ కిందట డిగ్రీ మొదటి సంవత్సరం వాళ్ళకు ఛందస్సు మొదలుపెట్టాను. హ్రస్వం లఘువు, దీర్ఘం గురువు, సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరం గురువు అని చెప్పి, వారం తిరక్కుండా ఇరవై మార్కులకు చిన్న పరీక్ష పెట్టాను. మొదటి ప్రశ్నగా “అతడు ప్రాజ్ఞుడు” అన్న మాటలిచ్చి గురులఘువులు గుర్తించమన్నాను. సూత్రం ప్రకారం ‘ప్రా’కు ముందున్న ‘డు’ గురువు కావాలి. కాని కాదు. వేరు వేరు తెలుగు మాటలు పక్కపక్కన ఉన్నప్పుడు ఆ సూత్రం పనిచేయదు. ‘రాజప్రాసాదం’ అని సమాసమైతే ‘జ’ గురువవుతుంది. ‘అతడు ప్రాజ్ఞుడు’లో ‘డు’ లఘువుగానే ఉండిపోతుంది. ఈ మినహాయింపు నేను క్లాసులో చెప్పలేదు. చెప్పకపోవడమే అందులో చమత్కారం అనుకున్నాను. ఆ పేపరంతా అలాంటివే.

ముందు బెంచీలో కూర్చునే ఒక అమ్మాయికి మూడు మార్కులు వచ్చాయి. మార్కులు పైకి చదివి, “గురువు గారి మాట విని గురువులు పెట్టి గోతిలో పడ్డారు” అని ఒక ఛలోక్తి కూడా విసిరాను. క్లాసంతా నవ్వింది. సాయంత్రం ఆ అమ్మాయి స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడి, “మాస్టారూ, నేను చేసిన తప్పేమిటండి? మీరు చెప్పిన సూత్రమే రాశాను” అన్నది.

“పరీక్ష అంటే చెప్పింది అడగడం కాదమ్మా” అన్నాను. మాట బాగా కుదిరిందని పక్కన ఉన్న తోటి లెక్చరరు వంక చూశాను కూడాను.

తరవాత ఆ అమ్మాయి వెనక బెంచీకి మారింది. రెండో ఏడు కాలేజీ మానేసింది. నా మూడు మార్కులవల్లే మానేసిందని నేననను. వాళ్ళింట్లో ఏం ఇబ్బందులున్నాయో! కాని ముందు బెంచీ నుంచి వెనక బెంచీకి పంపినవాణ్ణి మాత్రం నేనే.

ఆ రాత్రి మా అమ్మాయి ‘సూపర్ మారియో బ్రదర్స్’ మొదటి లెవెల్ పెట్టి చూపించింది. ఆట గీసినవారు షిగెరు మియామోటో, తకాషి తెజుకా. మొత్తం ముప్ఫైరెండు లెవెళ్ళు. ఇన్నాళ్ళూ అది పిల్లలు పొద్దుపుచ్చుకునే వస్తువనుకున్నాను. ఆ రాత్రి దాన్ని పాఠ్యగ్రంథం చూసినట్టు చూశాను.

మారియో బొమ్మ తెరకు ఎడమవైపున, కుడి వైపుకు మొహం పెట్టుకొని నిలబడి ఉంటుంది. కుడివైపంతా ఖాళీ. ఎటు పోవాలో ఒక్క మాట రాయకుండానే తెలిసిపోయింది. నాలుగడుగులు వేయగానే పుట్టగొడుగు ఆకారంలో ఒక శత్రువు నిదానంగా ఎదురు వస్తుంది. దాన్ని ఇంగ్లీషులో గూంబా అంటారు. జపాన్ వారు కురిబో అంటారు. గెంతకపోతే అది తగిలి చచ్చిపోతాం. పోయేదేమున్నది, వచ్చిన దూరం నాలుగడుగులేగా! రెండోసారి గెంతుతాం. గెంతి దాని నెత్తిమీద పడితే అదే చస్తుందని తెలుస్తుంది. మరికొంచెం ముందుకు పోతే ప్రశ్న గుర్తు వేసిన ఇటుక. తలతో కొడితే అందులోంచి మేలు చేసే పుట్టగొడుగు బయటికి వస్తుంది. అది కుడికి జరిగి, కిందపడి, అక్కడున్న గొట్టానికి తగిలి, మళ్ళీ మన వైపే వస్తుంది. భయపడి పారిపోదామన్నా పైన ఇటుకలు అడ్డం. తగిలాక గాని తెలియదు, అది మంచిదని. ఒక్క అక్షరం బోధించకుండా ఎన్ని పాఠాలు!

మరో చిత్రం చూడండి. ఆ గూంబాను తయారీ చివరలో చేర్చారట. మొదట తాబేళ్ళనే అనుకున్నారు. తాబేలు మీద గెంతితే చావదు, డిప్పలోకి ముడుచుకుంటుంది. ఆ డిప్పను తన్నాలి. తన్నితే అది గోడకు తగిలి మన మీదికే రావచ్చు. కొత్తవాడికి ఇది కష్టమని గ్రహించి, ఒక్క గెంతుతో పోయే శత్రువు కావాలనుకున్నారు. అప్పటికి యంత్రంలో బొమ్మలకు చోటు దాదాపు అయిపోయింది. ఒకే బొమ్మను ఎడమకూ కుడికీ తిప్పి చూపించి నడిచినట్టు చేశారు. అందరికంటే చివర పుట్టిన శత్రువును అందరికంటే ముందు నిలబెట్టారు. విద్య అంతా ముగిశాక గాని మొదటి పాఠం ఎలా చెప్పాలో తెలియదన్నమాట!

ఆ లెవెల్ చివరలో రెండు మెట్ల దిబ్బలు ఎదురెదురుగా ఉంటాయి. ఒకదాని మీంచి మరొకదాని మీదికి గెంతాలి. మధ్యలో పడితే ఏమీ కాదు, కింద నేల ఉంది. మళ్ళీ ఎక్కి గెంతవచ్చు. కొంచెం దూరం పోగానే అలాంటివే మరో రెండు దిబ్బలు. ఈసారి మధ్యలో నేల లేదు, గొయ్యి.

నేను కుర్చీలోంచి లేచి కాసేపు వరండాలో పచార్లు చేశాను.

నాలాంటి ప్రశ్నపత్రాలవాళ్ళు ఆ దేశంలో లేరనుకోకండి. 1986 లో అదే ఆటకు రెండో భాగం జపాన్‌లో వచ్చింది. అందులో మేలు చేసే పుట్టగొడుగులాంటిదే విషపు పుట్టగొడుగు పెట్టారు. మరీ కష్టమైనదని ఆనాడు అమెరికాకు పంపలేదు. 1988 లో వేరే ఆటను మార్చి రెండో భాగమని అక్కడ అమ్మారు. ఈ సంగతి విని కొంచెం ఊరట పొందబోయాను. “అది మొదటి భాగంలో ఆరితేరినవాళ్ళ కోసం నాన్నా. నువ్వు రెండో తరగతివాడికి పెట్టావు” అని మా అమ్మాయి ఆ ఊరట కూడా దక్కనివ్వలేదు.

మర్నాడు గ్రాఫ్ కాగితం కొత్తది తీశాను. మొదటి గొయ్యి చెరిపేయలేదు. దాని అడుగున నేల గీశాను. పడితే ఉడుత పైకి ఎక్కి రావచ్చు. అలాంటివి రెండు దాటాక మూడోది నిజం గొయ్యి. ముళ్ళ ముందున్న క్రోటన్ మొక్క పీకేశాను. ముళ్ళు కనబడుతూనే ఉంటాయి. కనబడినా దాటడం కష్టమే. ప్రతి శత్రువూ మొదటిసారి ఒంటరిగా, చదునైన నేలమీద కనబడాలని నియమం పెట్టుకున్నాను. దాని స్వభావం తెలిశాక గోతి అంచున పెట్టవచ్చు. ఆ తరవాత రెండింటిని కలపవచ్చు.

శత్రువుల దగ్గర నాకు గురువు మా పెరడే. పుంజు గోడమీద అటూ ఇటూ తిరుగుతుంది, అంచు రాగానే వెనక్కి మళ్ళుతుంది. దాని కాళ్ళ ముందు నేల ఉందో లేదో చూసుకొనే ఏర్పాటు అమ్మాయి ప్రోగ్రాంలో పెట్టింది. మారియోలో ఎర్ర తాబేలు ఇలాగే అంచు నుంచి తిరిగిపోతుంది; ఆకుపచ్చది ఆగకుండా పోయి గోతిలో పడుతుంది. రంగు చూసి గుణం తెలుసుకోవచ్చు. ఇక తొండను మీరు చూసే ఉంటారు. ఊరికే మీద పడదు, ముందు తల ఊపుతుంది. మా తొండ మూడుసార్లు తల ఊపి గాని దూకదు. కాకి అరసెకను ముందు ‘కావ్’మంటుంది, నేలమీద దాని నీడ పడుతుంది. పిల్లి తోక కొస ఆడించి దూకుతుంది, దూకాక ఒక్క క్షణం ఆగుతుంది. ఆ క్షణమే ఉడుతకు సందు. ప్రకృతిలో ఏ శత్రువూ చెప్పకుండా రాదు, చెప్పింది గమనించనివాడిదే తప్పు. చెప్పకుండా వచ్చేవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యాను.

ప్రోగ్రాంలో మా అమ్మాయి మరికొన్ని దయలు దాచింది. ముల్లు బొమ్మ పెద్దదే గాని గుచ్చుకొనే భాగం చిన్నది. కొస తగిలీ తగలనట్టుంటే వదిలేస్తుంది. ఉడుత అంచు దాటి గాలిలోకి వెళ్ళిపోయాక కూడా సెకనులో పదో వంతు సేపు గెంతనిస్తుంది. కార్టూన్ బొమ్మల్లో తోడేలు కొండ అంచు దాటి గాలిలో నాలుగడుగులు పరుగెత్తి, కిందికి చూసుకున్నాక గాని పడదు చూడండి, దాని పేరుమీదే ఈ ఏర్పాటును కయోటీ టైం అంటారు. 2018 లో వచ్చిన ‘సెలెస్ట్’ అనే కొండ ఎక్కే ఆట చాలా కష్టమైనదని పేరు పొందింది. అందులోనూ ఇవన్నీ ఉన్నాయి. ఆడేవాడికి ఈ సంగతి తెలియదు. తన గెంతు సరిగ్గా కుదిరిందనుకుంటాడు. అనుకోనివ్వడమే ఇచ్చేవాడి మర్యాద.

మేనల్లుడు వెళ్ళబోయే ముందు రోజు కొత్త లెవెల్ పెట్టాం. వాడు ముందు అనుమానంగా నా వంక చూశాడు. నేను ఈసారి వెనక కూర్చోలేదు, పక్కన కూర్చున్నాను. మొదటి గోతిలో పడ్డాడు. కింద నేల చూసి, “అరె!” అని పైకి ఎక్కాడు. చివర పిల్లి దగ్గర పంతొమ్మిదిసార్లు ఓడిపోయాడు. మొన్నటికంటే రెండు ఎక్కువే. అయినా లేవలేదు. “నేనే తొందరపడ్డాను మామయ్యా, తోక ఆడించాక గెంతాలి” అని వాడికి వాడే చెప్పుకున్నాడు. ఇరవయ్యోసారి ఉడుత తొర్రలోకి చేరింది. వాడు వేసిన కేకకు పొయ్యి దగ్గరున్న మా చెల్లెలు గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది.

ఆట సులువు కాలేదు, న్యాయమైంది. ఈ రెండూ ఒకటే అనుకొని ఇరవై ఏళ్ళు పాఠాలు చెప్పాను.

కాలేజీ తెరిచాక ఛందస్సు పాఠం మార్చుకున్నాను. సూత్రం చెప్పిన రోజే, మార్కులు లేకుండా, ‘అతడు ప్రాజ్ఞుడు’ బోర్డు మీద రాశాను. అందరూ ‘డు’కు గురువు పెట్టారు. అప్పుడు మినహాయింపు చెప్పాను. పడ్డవాళ్ళంతా నవ్వుకుంటూ లేచారు. నెల తరవాత పెట్టిన పరీక్ష మాత్రం పాతదానికంటే కష్టమైనదే.

దసరాకు బట్టల కోసం మా ఆవిడతో బజారుకు వెళ్ళాను. చీరల దుకాణంలో చీర విప్పి చూపిస్తున్న అమ్మాయి నన్ను చూసి, “బాగున్నారా మాస్టారూ?” అన్నది. ముందు బెంచీ అమ్మాయి!

మా ఆవిడ రంగులు చూసుకుంటూ ఉండగా గొంతు సవరించుకున్నాను. “అమ్మా, ఆ రోజు పరీక్షలో నీ తప్పేమీ లేదు. చెప్పనిది అడిగిన తప్పు నాది. నలుగురిలో నవ్వడం అంతకంటే తప్పు” అన్నాను.

ఆ అమ్మాయి చీర మడతపెడుతూ కొంచెంసేపు మాట్లాడలేదు. తరవాత అన్నది: “అతడు ప్రాజ్ఞుడు. ‘డు’ లఘువేనండి. ఆ రాత్రే పుస్తకంలో చూసుకున్నాను.”

మూడు మార్కులు వేసిన నాకు ఆ క్షణంలో ఎన్ని మార్కులు వచ్చి ఉంటాయో మీరే లెక్క వేసుకోండి.

దూరవిద్యలో డిగ్రీ పూర్తి చేయవచ్చని చెప్పాను. పుస్తకాలు నేనిస్తానన్నాను. ఇంటి చిరునామా కాగితం మీద రాసి ఇచ్చాను. “చూస్తానండి” అని కాగితం జాగ్రత్తగా మడిచి పెట్టుకొని, పిలుస్తున్న మరొకరి దగ్గరికి వెళ్ళింది. ఇంకా రాలేదు. వస్తుందనే పుస్తకాలు విడిగా కట్టి బీరువా పై అరలో ఉంచాను. కాగితం మీద గోతిని చెరిపి మళ్ళీ గీసినంత సులువు కాదు గదా ఇది!

ఆ రాత్రి మా అమ్మాయి రెండో లెవెల్ కోసం కొత్త గ్రాఫ్ కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. “నాన్నా, నువ్వు చెప్పిన పేరే పెట్టేశాను. ద్వితీయాశ్వాసం. అసలు ఆ మాటకు అర్థమేమిటి?”

“కావ్యంలో ఒక భాగమమ్మా. అసలు అర్థం ఊపిరి తీసుకోవడం. ఊరట అని కూడా” అన్నాను.

“మరి మొదట ఏం గీస్తావు?”

గొయ్యి గీశాను. తరవాత దాని అడుగున నేల గీశాను.